ఇంటి వరద: మానేరు ఒడ్డున ముందుచూపు, కబురు, కోలుకోవడం

వాననీరు గానీ, వాగు గానీ, చెరువు గానీ కడప దాటి లోపలికి రావడాన్ని ఇంటి వరద అనవచ్చు. నది వరదకూ దీనికీ ముఖ్యమైన తేడా వ్యవధిలో ఉంది. భద్రాచలం దగ్గర గోదావరిని జనం అడుగుల లెక్కన చూస్తుంటారు. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది వెలువడుతుంది. ఎగువ నుంచి నీళ్లు చేరేలోగా సామాను సర్దుకునే వీలుంటుంది. రాజన్న సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట మండలంలో ఆ తీరిక దొరకదు. ఇక్కడ వాగు గంటల్లో పొంగి గంటల్లో తీస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు మోకాలు తడవని వాగు తెల్లారేసరికి వంతెన మీద నుంచి దుంకుతుంటుంది. ఈ ప్రాంతంలో ముందుజాగ్రత్తనూ, సాయం అడిగే తీరునూ, నష్టం లెక్కనూ ఈ తొందరతోనే ముడిపెట్టి చూడాలి. ప్రభుత్వ నిబంధనలు మాత్రం చాలావరకు నిలకడగా వచ్చే నది వరదను మనసులో పెట్టుకొని రాసినట్టు కనిపిస్తాయి.

వాగులు, మత్తడి

మండలంలోని నర్మాల దగ్గర నిజాం కాలం నాటి ఎగువ మానేరు ప్రాజెక్టు ఉంది. దాని సామర్థ్యం సుమారు 2 టీఎంసీలు. కామారెడ్డి వైపు నుంచి పాల్వంచ వాగు, సిద్దిపేట వైపు నుంచి కూడవెల్లి వాగు దీన్ని నింపుతాయి. నిండితే మత్తడి, అంటే అలుగు, దుంకుతుంది. ఆ నీళ్లు మానేరు వెంట సిరిసిల్ల పక్కగా మధ్య మానేరుకు, అక్కడి నుంచి కరీంనగర్ దగ్గరి దిగువ మానేరుకు చేరి, చివరికి మంథని ప్రాంతంలో గోదావరిలో కలుస్తాయి. మత్తడి దుంకడం ఇక్కడి రైతుకు పండుగ. జనం పిల్లాజెల్లను తీసుకొని చూడటానికి పోతారు. కట్ట కింది ఇళ్లవాళ్లకు మాత్రం అది పెట్టెలు సర్దుకోవాల్సిన కబురు.

రెండు టీఎంసీలంటే పెద్ద లెక్కలా వినిపిస్తుంది కానీ కుంభవృష్టి ముందు అది చిన్నది. ఒక టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు. 70 చదరపు కిలోమీటర్ల నేల మీద 40 సెంటీమీటర్ల వాన పడితే పడే నీళ్లు దాదాపు అంతే. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లా రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది. పడిన వానంతా వాగులోకి రాదు, కొంత నేలలోకి ఇంకుతుంది, కొంత చెరువుల్లో ఆగుతుంది. అయితే అప్పటికే చెరువులన్నీ నిండి, నేల నానిపోయి ఉంటే ఇంకేదీ తక్కువే, ఆగేదీ తక్కువే. కాబట్టి గంభీరావుపేటవాళ్లకు తమ ఊళ్లో పడిన వాన కన్నా కామారెడ్డిలో, దుబ్బాకలో పడిన వాన వార్త ముఖ్యం. ఇక్కడ చినుకు లేకున్నా వాగు రావచ్చు.

జరిగినవి

2016 సెప్టెంబరులో, అప్పటికింకా కడుతున్న మధ్య మానేరు కట్ట ఎగువ నుంచి వచ్చిన వరదకు మాన్వాడ దగ్గర తెగింది. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు.

2021 ఆగస్టు 30న గంభీరావుపేట, లింగన్నపేట మధ్య మానేరు లోలెవల్ వంతెన మీద ఆర్టీసీ బస్సు ఇరుక్కుపోయింది. లోపలున్నవాళ్లను స్థానికులు క్షేమంగా దించారు. ఆ తర్వాత బస్సు వరదలో కొట్టుకుపోయింది. బస్సంత బరువైనది ఎలా కొట్టుకుపోతుందని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పారే నీళ్లు రెండు పనులు చేస్తాయి. పక్క నుంచి తోస్తాయి, కింద నుంచి ఎత్తుతాయి. వేగంగా పారే నీళ్లు జానెడు లోతున్నా మనిషి కాలు నిలవదు. మూరెడు వస్తే చాలా కార్లు తేలిపోతాయి. బస్సుకు ఇంకొంచెం ఎక్కువ కావాలి, అంతే. పైగా బురద నీళ్ల కింద రోడ్డు ఉందో, కోతకు పోయిందో డ్రైవరుకు కనపడదు. 2022 జులైలో జగిత్యాల జిల్లా రాయికల్ మండలంలో వరద వార్త రాయడానికి పోయిన ఒక విలేకరి ఇలాగే కారుతో సహా కొట్టుకుపోయి చనిపోయాడు.

బస్సు ఘటన జరిగిన వారం రోజులకే, 2021 సెప్టెంబరు 7న సిరిసిల్ల పట్టణం మునిగింది. పొంగింది మానేరు కాదు. పట్టణానికి ఎగువనున్న కొత్తచెరువు నిండి, అలుగు నీళ్లకు దారి లేక అవి వీధుల మీద పడ్డాయి. శాంతినగర్ వంటి కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు చేరాయి. హైదరాబాద్ నుంచి విపత్తు స్పందన దళాలు పడవలతో రావాల్సి వచ్చింది. చెరువు నింపుకోవడానికి ఉన్న శ్రద్ధ అలుగు కాలువను కాపాడటంలో లేకపోతే ఏమవుతుందో ఆ రోజు పట్టణమంతా చూసింది. మిషన్ కాకతీయలో పూడిక తీసి చెరువులను లోతు చేసిన ప్రాంతమిది. కాలువ కబ్జా అయ్యాక చెరువు లోతు ఎంతున్నా కింది వీధికి ఒరిగేది తక్కువ.

2025 ఆగస్టు 27న నర్మాల దగ్గర, పొలాలకూ పశువుల దగ్గరికీ పోయిన ఐదుగురు మానేరు అవతల చిక్కుకున్నారు. మరొకరు వరదలో కొట్టుకుపోయారు. చిక్కుకున్నవాళ్లు ఆ రాత్రంతా అక్కడే గడిపారు. వాళ్లకు డ్రోన్లతో తిండి పంపారు. మరునాడు వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి వాళ్లను బయటికి తెచ్చింది. దీనికి రెండేళ్ల ముందు, 2023 జులై 27న, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు తెల్లవారుజామున ముంచెత్తినప్పుడు కూడా మిద్దెల మీదికెక్కినవాళ్ల కోసం హెలికాప్టర్లే రావాల్సి వచ్చింది. రెండు చోట్లా సాయం అందింది, కానీ గంటల తర్వాత. మొదటి గంటల్లో మనిషికి తన ఇల్లు, తన వాడకట్టు తప్ప దిక్కు లేదు.

వానకు ముందు

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు జిల్లా పేరుతో వస్తాయి. రాజన్న సిరిసిల్లకు పసుపు, కామారెడ్డికి ఎరుపు ఉన్న రోజున మానేరు ఒడ్డువాళ్లు ఎరుపు కిందే లెక్క వేసుకోవాలి. మండలాలవారీ వర్షపాతాన్ని రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సంఘం తన స్వయంచాలక కేంద్రాల ద్వారా నమోదు చేస్తుంది. పాల్వంచ, దోమకొండ, దుబ్బాకల్లో బంధువులున్నవాళ్లు ఇంతకన్నా సులువుగా ఒక ఫోను చేసి తెలుసుకుంటారు. అదీ మంచి పద్ధతే.

పాత ఇళ్లకు ఒక తెలివి ఉండేది. ఎత్తు గద్దె కట్టి, అరుగు వేసి, దాని మీద కడప పెట్టేవాళ్లు. ధాన్యం గుమ్మిలో, విలువైనవి అటుక మీద. ఇప్పుడు వీధికి సీసీ రోడ్డు పడినప్పుడల్లా పాతదాని మీదే ఇంకో పొర వేస్తున్నారు. ఇల్లు ఉన్నచోటే ఉంది, వీధి పైకి లేచింది. పదేళ్ల కింద మూడు మెట్లు ఎక్కి పోయిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోతున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. అలాంటి ఇంటికి వరద రావడానికి వాగు పొంగాల్సిన పని లేదు, గట్టి వాన చాలు. రోడ్డు వేసేటప్పుడే పాత పొరను తవ్వి వేయమని గ్రామసభలో పట్టుబట్టడం వరద జాగ్రత్తల్లో అన్నిటికన్నా చవకైనది.

బంగ్లా ఇంటివాళ్లు తమకు ఢోకా లేదనుకుంటారు. వంద చదరపు మీటర్ల స్లాబు మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. నీళ్లు పోయే గొట్టానికి చెత్త అడ్డుపడి పది సెంటీమీటర్లు నిలిస్తే నెత్తిన పది టన్నులు. మిరుగు (మృగశిర కార్తె) రాకముందే ఆ గొట్టం నోరు శుభ్రం చేయాలి. దానికి ఒక మనిషి, ఒక చీపురు, పావుగంట చాలు.

సామానులో మొదట పైకెక్కాల్సినవి కాగితాలు: ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం. వాటిని రెండు పాలిథిన్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టి మూతి కట్టాలి. ఫోన్లో వాటి ఫొటోలు, డిజిలాకర్‌లో ప్రతులు ఉంటే ఇంకా నయం. తర్వాత మందులు, ముఖ్యంగా బీపీ, షుగర్ మాత్రలు, చంటిపిల్లల పాలడబ్బా. తర్వాతే బియ్యం. 50 కిలోల సంచిని ఎత్తడానికి ఇద్దరు కావాలి, చీకట్లో ఆ ఇద్దరు దొరకరు. కాబట్టి పగటిపూటే ఎత్తిపెట్టుకోవాలి.

గ్యాస్ సిలిండరు సంగతి చాలామందికి తెలియదు. నిండు సిలిండరు బరువు సుమారు 30 కిలోలు ఉంటుంది. అది తోసే నీళ్లు మాత్రం 33 లీటర్ల పైచిలుకే. అంటే ఖాళీదే కాదు, నిండుది కూడా తేలుతుంది. తేలిన సిలిండరు గోడలకు గుద్దుకుంటూ పైపును తెంపుతుంది. రెగ్యులేటరు తీసి, మూత బిగించి, తాడుతో కిటికీ ఊచకు కట్టేయాలి.

కరెంటు విషయంలో ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. సిరిసిల్ల, గంభీరావుపేట వైపు విద్యుత్ పంపిణీ చేసేది 1970 నుంచి నడుస్తున్న సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట సెస్. మిగతా జిల్లాల డిస్కం నంబరు కన్నా ఇక్కడ ఊరి సెస్ లైన్‌మన్ నంబరు పనికొస్తుంది. అది ప్రతి ఇంటి గోడ మీద రాసి ఉండాలి. నీళ్లు సాకెట్ దాకా రాకముందే మెయిన్ దించాలి. తడిచేత్తో, నీళ్లలో నిలబడి దాన్ని ముట్టుకోవద్దు. ఆలస్యమైందనుకుంటే మెయిన్ జోలికే పోకుండా లైన్‌మన్‌కు చెప్పి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆపించడం మేలు.

కొట్టంలో పశువులుంటే పలుపులు విప్పాలి. కట్టేసిన బర్రె మునుగుతుంది, విప్పిన బర్రె ఈదుతుంది. సాయంత్రం వాన ముదురుతుంటే వాగు అవతలి పశువులను అప్పుడే తోలుకురావాలి. వాగు వచ్చాక మాత్రం వాటి కోసం పోకూడదు. రాయడానికి తేలిక, చేయడానికి కష్టం. పాలిచ్చే బర్రె మీద ఇల్లు గడిచేవాళ్లకు ఆ మాట చెప్పడానికి నోరు రాదు. అయినా చెప్పక తప్పదు.

కబురు

ప్రాణాపాయం ఉంటే 112. పోలీసులకు 100, అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108, పశువులకు 1962. వరదల సమయంలో కలెక్టరేట్‌లో కంట్రోల్ రూమ్ తెరుస్తారు. దాని నంబరు ఆ రోజు పత్రికల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఫోను చేసినప్పుడు ఏడుపు, కోపం సహజమే కానీ అవతలివాళ్లకు కావాల్సినవి నాలుగే మాటలు. ఊరు పేరుతో పాటు మండలం పేరు, ఏ గుర్తు దగ్గర, ఎంతమంది, వాళ్లలో నడవలేనివాళ్లు ఎవరు. పేటలు, పల్లెలు ఒకే పేరుతో అనేకం ఉన్న జిల్లాలివి. మండలం చెప్పకపోతే పడవ ఇంకో ఊరికి పోతుంది. ఫోన్లో లొకేషన్ పంపగలిగితే సగం పని అయినట్టే. పంపాక ఫోన్ బ్యాటరీని వీడియోలకు ఖర్చు చేయవద్దు.

చెరువు కట్టకు బుంగ పడినా, కట్ట మీద పగులు కనిపించినా, తూము దగ్గర బురద నీళ్లు ఊరుతున్నా అది కూడా కబురే. తేట నీళ్లు ఊరడం వేరు, మట్టి రంగు నీళ్లు రావడం వేరు. రెండోదానికి అర్థం కట్ట లోపలి నుంచి మట్టి కరిగిపోతోందని. నీటిపారుదల శాఖ ఏఈకి, పంచాయతీ కార్యదర్శికి, తహసీల్దార్‌కు వెంటనే చెప్పాలి. అంతకన్నా ముందు కట్ట కింది వాడకట్టుకు చెప్పాలి. దండోరా వేసే రోజులు పోయినా గుడి మైకు, మసీదు మైకు ఇంకా ఉన్నాయి. అర్ధరాత్రి ఫోన్ సందేశం చూడని మనిషిని మైకు లేపుతుంది.

నీళ్లు తీశాక

ఇంట్లోకి పోవడానికి ముందు గోడలు చూడాలి. మట్టి గోడ, గూన పెంకుల ఇల్లు వానలో కూలకుండా నిలిచి, ఎండ కాశాక కూలుతుంది. నానిన గోడ అడుగు మెత్తబడి ఉంటుంది, పైభాగం ఆరి బిగుసుకుంటుంది. ఆ తేడాకు పగులు పట్టి ఒక్కసారిగా ఒరుగుతుంది. గోడ ఉబ్బినా, మొదట్లో మట్టి రాలుతున్నా, తలుపు కొత్తగా ఇరుకు పట్టినా ఆ ఇంట్లో పడుకోవద్దు. రెండు మూడు రోజులు బడిలోనో బంధువుల ఇంట్లోనో ఉండటం నామోషీ కాదు.

తర్వాత పాములు. పుట్టలు మునిగితే నాగుపాము, కట్లపాము, రక్తపింజర పొడి చోటు వెతుక్కుంటూ ఇంట్లోకే వస్తాయి. బట్టల మూట, కట్టెల మోపు, బియ్యం సంచుల సందు వాటికి అనువైన చోట్లు. చేయి పెట్టకుండా కర్రతో కదిలించాలి. కరిస్తే గాయాన్ని కోయడం, తాడు బిగించడం, మంత్రం కోసం తిరగడం మానేసి, ఆ కాలో చేయో కదలకుండా చేసి సిరిసిల్ల ఆసుపత్రికి చేర్చాలి. కట్లపాము కాటు నొప్పి కూడా లేకుండా ఉండవచ్చు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే అనుమానించాల్సిందే.

నీళ్లు తాగే విషయంలో కంటికి తేటగా ఉన్నాయన్న లెక్క పనికిరాదు. మునిగిన బోరు, బావి, సంపు మూడూ అనుమానమే. కాచి చల్లార్చి తాగాలి. బావికి మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు లెక్క. వరద చేరిన బావిని ముందు తోడించి, ఆరోగ్య సిబ్బంది చెప్పిన మోతాదులో, మామూలుకన్నా ఎక్కువే వేయాలి. బురదలో చెప్పుల్లేకుండా తిరిగితే ఎలుక మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం ఉంటుంది. వరద తర్వాత వారం పది రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి వస్తే డాక్టరుకు తాను బురదలో పనిచేశానని చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి.

మునిగిన మోటారు సైకిల్‌ను కిక్ కొట్టి చూడాలనిపిస్తుంది. అదే చేయకూడదు. ఇంజనులోకి పోయిన నీళ్లు నలగవు, లోపలి కడ్డీ వంగుతుంది. ఇలాంటి నష్టాన్ని చాలా బీమా పాలసీలు విడిగా ఇంజన్ రక్షణ తీసుకుంటే తప్ప ఇవ్వవు. ఇంటికి బీమా ఉన్నవాళ్లు పల్లెల్లో తక్కువే. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్మాల్సిన భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం ఉంది. తడిసిన కాగితాలను ఎండలో పరిస్తే అంటుకుపోతాయి. నీడలో, పాత పత్రికల మధ్య పెట్టి ఆరబెట్టాలి. మట్టి పట్టిన నోట్లను బ్యాంకులు మార్చి ఇస్తాయి.

పంచనామా, పైసలు

శుభ్రం చేయడానికి ముందే ఫొటోలు తీయాలి. ఇక్కడి ఆడవాళ్లకు ఈ మాట చెప్పడం కష్టం. నీళ్లు తీసిన గంటలోనే చీపుర్లు అందుకొని, మధ్యాహ్నానికి ఇల్లు అలికి ముగ్గు కూడా వేస్తారు. మూడో రోజున వచ్చే అధికారికి ముగ్గు కనిపిస్తుంది కానీ వరద కనిపించదు. గోడ మీద నీళ్లు నిలిచిన గీతను, పక్కన కొలత కోసం ఒక బిందెనో కర్రనో పెట్టి ఫొటో తీయాలి. తడిసిన బియ్యం, చచ్చిన కోళ్లు, కూలిన గోడ, అన్నిటివీ తేదీతో ఉండాలి.

నష్టం రాసుకునే క్రమం ఊరిలోనే మొదలవుతుంది. తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను 2020లో ఎత్తేశారు. వారి స్థానంలో 2025 సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులు వచ్చారు. ఇల్లయితే రెవెన్యూవాళ్లు, పంచాయతీ కార్యదర్శి, పంటయితే వ్యవసాయ విస్తరణ అధికారి, పశువయితే పశువైద్యుడి ధ్రువీకరణ. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు అడగాలి. పేరు జాబితాలో రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు.

కేంద్ర హోం శాఖ 2022-23 నుంచి 2025-26 వరకు ఖరారు చేసిన విపత్తు సాయం పట్టికలో మనిషి చనిపోతే 4 లక్షల రూపాయలు. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000, కనీసం 15 శాతం దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, గుడిసె దెబ్బతిన్నా కూలినా 8,000, పశువుల కొట్టానికి 3,000. పాలిచ్చే ఆవుకూ బర్రెకూ 37,500, గొర్రెకూ మేకకూ 4,000. వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటిపారుదల పంటకు 17,000. అయితే పంట 33 శాతమైనా పోయి ఉండాలి. బట్టలకు 2,500, సామానుకు 2,500 ఇవ్వాలంటే ఇల్లు కొట్టుకుపోవాలి, లేదా పూర్తిగా కూలాలి, లేదా రెండు రోజులకు మించి నీళ్లలో ఉండాలి. ఈ చివరి షరతు గోదావరి లంకలకు సరిపోతుంది. పొద్దున వచ్చి సాయంత్రానికి తీసే మానేరుకు సరిపోదు. నాలుగు గంటలు నిలిచినా బియ్యం బియ్యంగా మిగలదు, బొంత బొంతగా మిగలదు. రాష్ట్ర ప్రభుత్వాలు ఈ పట్టికను దాటి ఇచ్చిన సందర్భాలు లేకపోలేదు. 2020 అక్టోబరు వరదలకు హైదరాబాద్‌లో ఇంటికి 10,000, 2024 సెప్టెంబరులో మున్నేరు ముంచిన ఖమ్మంలో 16,500 ప్రకటించారు. అవి ఆయా వరదలకు తీసుకున్న నిర్ణయాలు, ప్రతి ఊరికీ హక్కుగా వచ్చేవి కావు.

సిరిసిల్ల వైపు ఇంకో చిక్కుంది. ఇక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. చాలామందికి ఇల్లూ కార్ఖానా ఒకటే. ముందు గదిలో సాంచాలు, వెనక గదిలో వంట. నీళ్లొస్తే మోటార్లు కిందే ఉంటాయి కాబట్టి మొదట మునిగేవి అవే. నూలు చుట్టిన బీములు తడిస్తే మురికి పట్టి, పోగులు అతుక్కుని పనికిరాకుండా పోతాయి. ముందుగా కబురందితే బీములు దించి ఎత్తున పెట్టుకోవచ్చు, మోటార్లు ఊడదీసుకోవచ్చు. సాంచాను మాత్రం కదపలేరు. అదే కేంద్ర పట్టికలో పనిముట్లు పాడైన చేతిపనివారికి 5,000, ముడిసరుకు పోయినవారికి మరో 5,000 అని ఒక వరుస ఉంది. అందులో రాసింది చేనేత, హస్తకళలు. సాంచా పేరు లేదు.